నాలుగింటికి వచ్చే తీరం

బీచ్ ఇప్పుడు లేదు, అంది డోరిండా,
కొట్టు కట్టేశారన్నంత మామూలుగా.
నాలుగింటికి రా.

మందుల షాపువాళ్ళిచ్చిన ఆటుపోట్ల పట్టిక
ఫ్రిజ్ తలుపు మీద.
దాని మీద వేలు నడిపించి, రబ్బరు బూట్లు తొడిగింది.

నిజమే, నాలుగింటికి ఉంది.
చరియ కాళ్ళ దగ్గర చాపంత ఇసుక,
ఇంకా ఎవరి అడుగూ పడనిది.
నల్లరాతి పగుళ్ళలో పెర్సెబెలు గుత్తులు గుత్తులు,
ముసలి ఏనుగు గోళ్ళలా.

ఆమె నడుముకి తాడు,
రెండో కొస పైన తమ్ముడు ఎలాదియో చేతిలో.
ఒక గుంజుకి వంగుతుంది, గీకుతుంది.
రెండు గుంజులకి, చేతిలో ఏమున్నా వదిలేసి, ఎక్కేస్తుంది.

నేను ఫోటో కోసం ఇటు తిరిగాను,
అట్లాంటిక్ నా వెనక బాగా పడాలని.
కాలరు పట్టి ఈడ్చింది.
తిట్టే ఉంటుంది,
గాలి ఆ మాటని నాదాకా రానివ్వలేదు.

ఆరయ్యేసరికి
మేం నిలబడ్డ చోట గులకరాళ్ళు పళ్ళు నూరుతున్నాయి.

రాత్రి వాళ్ళింట్లో ఆకుకూర చారు, మొక్కజొన్న రొట్టె.
కూర్చోబోతూ చూశాను,
బల్లకి ఒకవైపే కుర్చీలు,
అన్నీ కిటికీ కేసి.

నాకు చోటిస్తూ
ఎలాదియో కాస్త జరిగాడు,
చూపు తిప్పకుండా.