మెట్ల లెక్క

ఆ సినిమాలో తెల్లచీర లేదు.
గజ్జెల చప్పుడు లేదు, నిమ్మకాయ లేదు,
రక్తం చుక్కైనా లేదు.
ఒకావిడ కందిలి పట్టుకుని
రోజూ రాత్రి మేడ దిగుతుంది.
మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగుతుంది, అంతే.
మొదటి రీల్లో పన్నెండు.
ఇంటర్వెల్ ముందు పదమూడు.
ఆవిడ అరవదు, వెనక్కి చూడదు.
వత్తి కాస్త తగ్గిస్తుంది
మన కంట పడకూడదన్నట్టు.

ముషీరాబాద్‌లో ఆ టాకీసు ఇప్పుడు లేదు.
అక్కడ వాయిదాల మీద సోఫాలమ్ముతున్నారు.
అప్పుడు నాకు పదకొండేళ్లు.
మా చిన్నమామ బుచ్చిలింగం
ఆజామాబాద్‌లో సెకండ్ షిఫ్టు ఎగ్గొట్టి
బాల్కనీ టికెట్లు కొన్నాడు.
ఆట వదిలాక జనం మెట్లు దిగుతున్నారు.
ఎవరూ మాట్లాడటం లేదు,
మొదటి సగమంతా ఈలలు వేసినవాళ్లు కూడా.
పెదాలు మాత్రం కదులుతున్నాయి, అందరివీ.
రెండొందల మంది, ఎవరికి వాళ్లు,
ఒకటి, రెండు, మూడు,
తెలుగులో, ఉర్దూలో, ఒక ముసలాయన మరాఠీలో.

ఇరానీ హోటల్లో మామ అడిగాడు:
"నీకెన్నొచ్చినయ్ రా?"
ఇరవై రెండన్నాను.
ఆయన చాయ్ సాసర్లో పోసుకున్నాడు, తాగలేదు.
తనకెన్నొచ్చాయో
పోయేదాకా చెప్పలేదు.

ఏటా ముసురు పట్టిన ఓ ఆదివారం
రాంనగర్‌లో జహంగీర్ భాయ్ ఇంట్లో చేరతాం.
నూట పద్నాలుగు రోజులు
ఆ బొమ్మ ఆడించిన చెయ్యి ఆయనది.
ప్రమీల టీచర్ మిర్చీలు తెస్తుంది.
ఎల్ఐసీ నరహరి చెప్పులు బయట విడిచి
అవి ఎటు తిరిగి ఉన్నాయో ఓసారి చూసుకుంటాడు.
అందరికీ ప్రతి డైలాగూ నోటికొచ్చు.
అయినా చివరి రీలు దగ్గర
మిర్చీ కొరికిన చప్పుడు ఉండదు.
ఈసారి ఆవిడ పదకొండే దిగుతుంది.
పదకొండు, తర్వాత నేల.

"ఎడిటింగ్‌లో పొరపాటు," అంటాడు నరహరి, ప్రతిసారీ.
"అతుకు అతుకూ నా వేలి కింద పోయింది సాబ్,
అక్కడ కట్టింగ్ లేదు," అంటాడు జహంగీర్ భాయ్.
"దిగిందే పదకొండు."
ప్రమీల టీచర్ ఏమీ అనదు.
ముప్పయ్యేళ్లు ఎక్కాలు చెప్పిన మనిషి
కిటికీలోంచి వాన చూస్తుంది.

దయ్యమైతే తాయెత్తు కట్టుకుంటాం,
మౌలాలి గుట్టెక్కి మొక్కుకుంటాం
(అక్కడా మెట్లే, అది వేరే సంగతి).
లెక్క తప్పితే ఎవరికి మొక్కాలి?
కంటికంటే ముందు కాలికి తెలిసిన మెట్టు.
చీకట్లో ఇంకొకటి ఉందనుకుని వేసిన అడుగు
నేలకి ఠక్కున కొట్టుకుంటుందే,
గుండె ఒక్కటి జారుతుందే,
ఆ జానెడు ఖాళీ.
రెండు గంటల సినిమా మొత్తం ఆ జానెడే.

చిక్కడపల్లి మెట్రో స్టేషన్లో
ఎస్కలేటర్ ఉన్నా నేను మెట్లమీదే వెళ్తాను.
ఎందుకని ఎవరైనా అడిగితే మోకాళ్లకి మంచిదంటాను.

నిరుడు మా చైత్ర చూసింది దాన్ని,
ఫోన్లో, పడుకుని, ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని.
"ఇంతేనా నాన్నా? దయ్యమేది?"
నవ్వి, ఫోన్ చార్జింగుకి పెట్టి పడుకుంది.
నాకు కొంచెం అవమానం,
చెప్పొద్దూ, చాలా నిమ్మళం.

ఆ రాత్రి కరెంటు పోయింది.
పిల్ల దాహమేసి లేచింది.
ఫ్రిజ్ వైపు వెళ్తున్న అరికాళ్ల చప్పుడు,
దానితోపాటు ఏదో గొణుగుడు.
చెవులు రిక్కించాను.
తొమ్మిది. పది. పదకొండు.
పన్నెండు.
ఆగింది. ఆగే ఉంది.

మాది నాలుగో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు.
ఇంట్లో మెట్లు లేవు.