చిరుగు

ఆఫ్రికా పటం మడత దగ్గర చిరిగింది.
ఏటా జూన్‌లో బీరువాలోంచి తీసి
అల్లిపురం బడి గోడకి
రెండు మేకుల మీద తగిలిస్తాను.
ఏటా ఓ వేలెడు కిందికి దిగుతుంది చిరుగు,
ఎర్రసముద్రం కొసన మొదలై
సరస్సుల పక్కనుంచి
మొజాంబిక్ వైపు.
టేపు అతికించీ అతికించీ
టాంగన్యికా పసుపెక్కింది.

సహారా చెప్పేటప్పుడు పిల్లలకి దాహమేస్తుంది.
కాంగో అడవి దగ్గరికొచ్చేసరికి
ఎవరో లేచి కిటికీ మూస్తారు, దోమలని.
నైలు కిందికి కాక పైకెందుకు పారుతోందని
ఏటా ఒకడైనా అడుగుతాడు.
పటంలో పైనున్నదంతా మిట్ట కాదురా అని
నేనూ ఏటా అదే చెబుతాను.

ఈ ఏడు
సముద్రతీరం లేని దేశాలు పదహారని
చాక్‌పీసుతో రాస్తున్నాను,
చాద్, నైజర్, మాలి, జాంబియా, ఇథియోపియా...
మూడో బెంచీలోంచి మైలపల్లి ఎల్లాజీ లేచాడు.
జాలారిపేట వాడు. నాన్న వేటకెళ్లని రోజుల్లోనే
బడికొస్తాడు.
"సముద్రమే లేదా టీచరుగారూ?
మరైతే వాళ్లు పొద్దున్న లేచి
ఎటేపు చూస్తారండీ?"

పుస్తకంలో జనసాంద్రత ఉంది.
రాగి ఉంది, వజ్రాలున్నాయి,
కోకో ఎన్ని లక్షల టన్నులో ఉంది.
కూర్చోరా అన్నాను.

మా మేడ మీది గదిలో కిబ్రోమ్ ఉంటాడు.
యూనివర్సిటీలో భూమి లోపలి సంగతులు చదువుతున్నాడు.
మెకెలె వాళ్లూరు, ఇథియోపియాకి ఉత్తరాన.
వచ్చిన కొత్తలో మా అట్టు తుంచి చూసి
ఇంజెరాకి చెల్లెలన్నాడు.
పులుపు చాలలేదని ఇప్పటికీ అంటాడు.

పిల్లాడి ప్రశ్న అతన్నడిగాను.
నవ్వలేదు.
"మా తాత తూర్పుకి చూసేవాడండీ" అన్నాడు.
తూర్పున పల్లం.
సముద్రం కన్నా నూరు మీటర్లు లోతు,
నిప్పుల్లాంటి నేల, దాని మీద ఉప్పు.
ఆ ఉప్పుని పలకల్లా కోసి ఒంటెల మీద తెస్తారట,
వెనకటికి అదే డబ్బట.
ఒంటెల వరస ఎప్పుడు కనిపిస్తుందా అని
తాత గుమ్మంలో నిలబడేవాడట.
నౌపడ ఉప్పుమళ్ల గురించి
మా అత్తగారు చెప్పేది సరిగ్గా ఇలాగే,
చేతులు ఇలాగే తిప్పుతూ.
"అది ఎండిపోయిన సముద్రమేనండీ.
మేమూ సముద్రం వైపే చూశాం,
కాకపోతే ఆలస్యంగా."

టేపు మార్చాలని పటం నేల మీద పరిస్తే
నా చెయ్యి ఆపాడు.
"వద్దండీ. అక్కడ నిజంగానే చిరుగుతోంది."
గోరు పెరిగేదాని కన్నా మెల్లగా.
ఒక్కో రాత్రి మాత్రం
మేకలు మేసిన చోటే నేల నెర్రె విచ్చి
తెల్లారేసరికి మనిషి దిగేంత లోతు.
ఏ కోటేళ్లకో ఎర్రసముద్రం లోపలికొస్తుందట.

తర్వాత కిటికీలోంచి డాల్ఫిన్ నోస్ చూపించాడు.
ఆ రాయి తోడబుట్టినది
అంటార్కిటికాలో, మంచు కింద ఉందట.
పదమూడు కోట్ల ఏళ్ల కిందట విడిపోయారట.
"మీ బీచి కూడా చిరుగంచేనండీ."
నాకు నలభై ఏళ్లుగా అది
లైట్‌హౌస్ ఉన్న కొండ, అంతే.

ఆదివారం బీచి గోడ మీద కూర్చుని
మురీమిక్చర్ తింటూ చూశాను.
ప్యాంట్లు మడిచి పిల్లలు
తెగిన నేల కొసన గెంతుతున్నారు.
లంగరేసిన ఓడల్లో ఒకటి
టాంజానియా జీడిగింజలతో వచ్చిందని
పక్కన కూర్చున్న క్రేన్ ఆపరేటర్ చెప్పాడు.
పలాసలో ఆడవాళ్లు వాటిని ఒలుస్తారు,
జీడికి వేళ్లు నల్లబడి.
అక్కడ ఏరిన చేతుల రంగు
ఏ పట్టికలోనూ చూడలేదు నేను.

సోమవారం ఎల్లాజీ వచ్చాడు.
"వాళ్లకీ సముద్రం వస్తోందిరా, దారిలో ఉంది" అన్నాను.
"ఎప్పటికండీ?"
"కోటేళ్లకి."
వేళ్ల మీద ఏదో లెక్కేశాడు, వదిలేశాడు.
"పోన్లెండి" అన్నాడు పెద్దమనిషిలా,
"వస్తోంది కదా."

టేపు లేకుండానే పటం తగిలించాను.
ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా
సోమాలియా వైపు ముక్క
విడిగా ఊగుతోంది.