గల్లా కింద మూడు వేళ్లు

బాగలేదని ఎన్నడూ అనను.
"అట్లనే చేద్దాం" అంట.
అని, కాలిక్యులేటర్ దగ్గరికి గుంజుకుంట.
రంగుకొక స్క్రీన్, స్క్రీనుకొక రేటు.
ఇంద్రధనుస్సు అడిగినోళ్లు
మొత్తం ఎంతయితదో చెప్పినంక
రెండు రంగులకు దిగి
"సింపుల్‌గ ఉంటేనే అందం గదన్నా" అంటరు,
నాకే చెప్తరు.

హన్మకొండ, నయీంనగర్‌ల మెట్ల కింద దుకాణం.
అందరికీ తోరణం కావాలె.
పరకాల కబడ్డీ జట్టుకు తోరణం,
కాజీపేట కేటరింగోళ్లకు తోరణం,
పదో తరగతి తొంభై ఎనిమిది బ్యాచుకు
తోరణం, దాని కింద బడి, బడి ముందట సార్లు,
సార్ల చుట్టూ నలభై ముగ్గురి పేర్లు
పుట్టుమచ్చంత అక్షరాలల్ల.
ఆరుగురి ఫోన్లల్ల తిరిగి
వాట్సాప్‌ల నా దాక వచ్చిన ఫొటో
పెద్దగ చేస్తే మొఖం పోయి గళ్ల లుంగీ అయితది.
"క్లియర్ చెయ్యన్నా, నీకొస్తది గదా."
రాదు. అది దేవునికి గూడ రాదు.
అయినా కండ్లు చిట్లించి
కంప్యూటర్ ముందట రెండు నిమిషాలు కూసుంట.
కష్టపడ్డట్టు కనపడాలె,
అప్పుడు గాని ఒప్పుకోరు.

నాకున్నది ఒకటే సూత్రం,
మా ఉస్తాద్ జహంగీర్ మియా నేర్పింది:
గల్లా కింద మూడు వేళ్లు.
అక్కడ మొదలైతే అంగీ నిలబడ్డట్టుంటది.
నాలుగైతే కడుపు మీద పడ్డట్టు,
రెండైతే గొంతు పిసికినట్టు.
ఇరవై రెండేండ్ల సంది
ఆ మూడు వేళ్లు దాటలే.

మొన్న మిర్చి సీజన్ల
ఏనుమాముల యార్డు నుంచి కొమురమ్మ వచ్చింది,
ఎనక ఇద్దరు ఆడోళ్లు,
ముగ్గురి చీరెల మీద మగోళ్ల అంగీలు.
లోపల అడుగు పెట్టంగనే నాకు తుమ్ములు,
మా పోరడు నరహరికి దగ్గు.
ముప్పై ఒక్క అంగీలు, నిండు చేతులయి.
"కిందికి, బొడ్డుకాడ రాయాలె" అన్నది.
"తలకిందులు."

అట్లనే చేద్దాం అనబోయి ఆగిన.
అక్కా, అక్షరాలు తిరగబడితే చూసేటోళ్లు నవ్వుతరు.

"చూసేటోళ్లకు కాదు కొడుకా."
తల వంచి, అంగీ అంచు పట్టి చూపెట్టింది.
"పొద్దంత వంగి తాలుకాయ ఏరుతం,
కండ్ల ముందట ఉండేది ఇదే.
పైసలిచ్చే యాళ్లకు గుమాస్తా
పొద్దుగాల ఒకటి మాపటికి ఒకటి చెప్తడు.
బస్తాకు ఎంత మాట్లాడుకున్నమో అది రాయి.
చదువుకుంట నిలబడి అడుగుత."

"మరి సేటుకు?"
"ఆయనకు ఈపు మీద రాయి, సీదా. అదే అంకె.
మేం పోతుంటే చదువుకుంటడు."

"రేటు మారితే ఎట్లక్కా?"
"మళ్ల నీ దగ్గరికే వస్తం.
మారనియ్యి ముందుగాల."

కాలిక్యులేటర్ గుంజలే.
ఒకటే రంగు, నలుపు.
నరహరి అలవాటుకొద్ది ఫిల్మును సీదా పెట్టిండు,
తిప్పిన. మళ్ల సీదా పెట్టిండు, మళ్ల తిప్పిన.
మొదటి అంగీ ఇంకా ఎచ్చగ ఉండంగనే
కొమురమ్మ మీదికెల్లి ఏసుకొని
తల వంచి, పెదవులు కదిలించి
అంకె చదివింది.
ఒకసారి తనకు.
ఇంకోసారి గుమాస్తాకు వినపడేటట్టు.

తెల్లారి క్రికెట్ టోర్నమెంటు పోరగాండ్లు వచ్చిండ్రు.
పద్దెనిమిది ఫొటోలు, స్పాన్సర్ తాత ఫొటో,
మంటలు, మంటలల్ల సింహం,
సింహానికి కూలింగ్ గ్లాసులు.
అట్లనే చేద్దాం అన్న.
అని, ఎన్నడూ అడగనిది అడిగిన:
"దీన్ని ఎవరు చదవాలె తమ్మీ?"

ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు
చానా సేపు.
ఆఖరికి అందరికన్న చిన్నోడు
"ఏమో అన్నా,
తోరణం అయితే పెట్టు" అన్నడు.