అడ్డనామాల బాతులు

పుట్టికి ముందూ వెనకా ఉండవు.
తెడ్డు ఆగితే చాలు, మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది.
నా బైనాక్యులర్లో జూరాల ఒడ్డు, మోటారు పైపులు,
మంచు, మళ్లీ మంచు,
చాలా పెద్దదిగా కుర్మయ్య మోకాలు.

"కదలకు సారూ.
మనం చూస్తున్నమని వాటికి ఎర్కయితే
చూసేదేం మిగల్దు."

అటవీశాఖ వాళ్లిచ్చిన కాగితం ఒళ్లో తడుస్తోంది.
జాతి, సంఖ్య, సమయం, గాలి.
గాలి అన్నచోట ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు.

ముందు వినపడ్డాయి.
నీళ్ల మీద ఎవరో తుప్పుపట్టిన తలుపులు
ఒక్కొక్కటే తీస్తున్నట్టు.
తర్వాత బూడిద రంగు ఒకచోట చిక్కబడి
మెడలయింది.

తెల్లటి తల, వెనక రెండు నల్ల పట్టెలు.
"అడ్డనామాల బాతులు" అన్నాడు
చుట్టాల్ని పరిచయం చేసినట్టు.
రాత్రంతా ఎవరి చేన్లోనో పల్లికాయ మేసొచ్చాయి.
డబ్బా కొట్టీ కొట్టీ ఆ ఆసామి గొంతు పోయుంటుంది.

హిమాలయాలు దాటి వస్తాయి తెలుసా, అన్నాను,
తెలిసింది చెప్పకపోతే ఊరుకోలేని దురదతో.
తెడ్డు మీది నాచు గోటితో గీకాడు.
"ఎర్కే. ఆడ గూడ జూసిన."

ఎక్కడ?

"లడాకుల. మేస్త్రి తోల్కపోయిండు రోడ్డు పనికి,
ఇరవై రెండు మందిమి.
ఊపిరి పీల్సుకున్నా పీల్సుకున్నట్టుండది.
డేరా పక్కన చెరువు. చెట్టన్నది లేదు.
పొద్దుగాల లేసి చూస్తె గివే.
ఓర్నీ, ఇవి మా జూరాలయి గదరా అన్న.
సలికి పిచ్చిలేసిందని నవ్విన్రు మావోళ్లు."

కాసేపు ఏమీ అనలేదు. పుట్టి సగం తిరిగింది.

"పిల్లలున్నయి వాటికాడ.
పసుపు నీళ్లల్ల ముంచిన దూది లెక్క,
తల్లెనక వరసబెట్టి.
ఈడ ఎవ్వలన్న జూసిన్రా సారూ, వీటి పిల్లల్ని?"

చూడలేదు. కాగితంలో ఆ గడి లేదు.

"ఆ నెల్లనే మా చిన్నది నడక నేర్సిందంట.
ఫోన్ల చెప్పిన్రు."

ఎక్కడో మోటారు దగ్గింది.
అన్నీ ఒక్కసారే లేచాయి.
రెక్కల కింది గాలి మా మొహాలకు తగిలి
పుట్టి చిన్నగా ఊగింది.
మూడు వందల పదిదాకా లెక్కపెట్టి తప్పాను.

"రాసుకున్నవా?"
ఊఁ, అన్నాను.
"అయితె పోదం. వల తియ్యాలె."