తొమ్మిదో శనివారం

ఈ ఇల్లు కొన్నప్పుడు కాగితాల్లో దీని ఊసే లేదు.
కొట్టంలో, కుందేళ్ల బోనుల వెనక,
గోనెసంచుల కింద జావా.
టైర్లు నేలకి అతుక్కుపోయాయి.
సీటులో ఎలుకలు కాపురం చేసి ఖాళీ చేశాయి,
పరుపుగా మిగిల్చినవి
బ్ర్నో ట్రాము టికెట్ల తునకలు.

పిస్టన్ బిగుసుకుపోయింది.
ప్లగ్గు విప్పి ఆ కంతలో డీజిలు పోశాను,
జబ్బుమనిషికి గంజి పట్టినట్టు, కొంచెం కొంచెం.
లేపడానికీ గేరు మార్చడానికీ ఒకటే కాడ దీనికి.
శనివారం శనివారం దానిమీద బరువు మోపి చూడ్డం,
"లేదా? సరే" అని తలుపు వేసుకోవడం.
సుత్తి తెమ్మన్నాడు లుబోష్.
తేలేదు.

నీ గురించి నాకు తెలిసింది ఇంతే, పాత యజమానీ:
ఎడమకాలు బరువు, రబ్బరు అటే అరిగింది.
బ్రేకంటే నీకు గిట్టదు.
ట్యాంకు సొట్టకి ఎవరో గోళ్లరంగు పూశారు.
దాన్ని మాత్రం గీకలేదు.

తొమ్మిదో శనివారం
వెంట్రుకవాసి కదిలింది,
లోపల ఎవరో నిద్రలో ఒత్తిగిలినట్టు.

ఆపైన కార్బురేటరు, తీగలు, ట్యూబులు, అప్పు.
ఇవాళ ఏడో తన్నుకి దగ్గింది,
ఎనిమిదో తన్నుకి అందుకుంది.
నీలిపొగ గోడ దాటి
పక్కింటి దుప్పట్ల మీద వాలింది.

మేడకిటికీ ధడాలున తెరుచుకుంది.
వ్లాస్తా ముసలమ్మ, చేతిలో గరిటె:
"ఓతకర్! బట్టలారేసిన రోజే దొరికిందా నీకు!"

పొగ విడిపోయింది.
నన్ను చూసింది.
కిటికీ మూయలేదు, దుప్పట్లూ తీయలేదు.
నా చెయ్యి తాళం మీదికి పోతుంటే
ఆపకు, అంది.