పల్లేరు నేల

కరూలో వాన పడ్డ ఏడాదే నాకు ఎక్కువ భయం.
బీడంతా పసుపు పూలు, నేలకి అంటుకుని,
చూసి మురిసేలోపే కాయలవుతాయి.
ఎలా విసిరినా ఒక ముల్లు పైకి చూస్తూ పడే కాయలు.
పల్లేరు. ఇక్కడివాళ్లు బుల్లి దెయ్యాలంటారు.

నా పని గాలిమరలు చూడటం.
పద్నాలుగు మరలు, నలభై కిలోమీటర్లు, ఒక కొండ సైకిలు.
ఒక్కో మర కింద ఒక తొట్టి,
తొట్టి చుట్టూ మూతులు చాచిన గొర్రెలు.

పాత ఉన్ని గోదాము వెనక సార్లీన్ ఒలిఫాంట్ కొట్టు.
ఊరందరికీ ఆమె టానీ, అంటే పిన్ని.
మొదటి రోజే నా చక్రం బొటనవేలితో నొక్కి
"ఇది బండరాయా, చక్రమా?" అంది.
"గాలి ఎక్కువైతే రాయి మీద ఎగిరిపడతావు.
తక్కువైతే రాయీ రిమ్మూ కలిసి ట్యూబుని కొరుకుతాయి,
పక్కపక్కనే రెండు చిల్లులు, పాము కాటులా.
నీ బరువెంతో తెలుసుకో,
జేబులో బిస్కెట్లతో సహా."

తరవాత ట్యూబులే తీసిపారేసింది.
జిల్లేడు పాలలాంటిదేదో టైరులోకి పోసి
చక్రాన్ని పసిబిడ్డలా ఇటూ అటూ ఒరిగించింది.
"చిల్లు పడ్డ చోటికి ఇదే పరిగెత్తి గడ్డకడుతుంది.
కానీ ఈ ఎండకి రెండు నెలల్లో పెచ్చవుతుంది.
కొబ్బరికాయ ఊపినట్టు చెవి దగ్గర ఊపి చూడు.
లోపల నీళ్ల చప్పుడు లేకపోతే
దారి మీద నీ చప్పుడూ ఉండదు."

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఊపలేదు.
నిద్ర చాల్లేదు. అంతే, ఇంకే కారణమూ లేదు.

తొమ్మిదో మర దాటాక వెనక చక్రం ముక్కుతూ మూలిగింది.
వంగి చూస్తే నాలుగు ముళ్లు.
ముల్లు కనబడితే పీకడం చేతికి పుట్టుకతో వచ్చిన బుద్ధి.
పీకాను.
బుస్సుమంది. రెండోదీ పీకాను.

పదకొండు కిలోమీటర్లు తోసుకుంటూ నడిచాను.
పన్నెండో మర కడ్డీ రాత్రే విరిగిందట.
నేను చేరేసరికి పొద్దు వాలింది.
గొర్రెలు తొట్టి అడుగు బురదని నాకేశాయి.
ఒక ముసలిది పడుకునే ఉంది, లేపినా లేవలేదు.
ఆ రాత్రి లెక్కల పుస్తకంలో ఒక అంకె కొట్టేసి
పక్కన కొత్తది రాశాను.

టానీ తిట్టలేదు. తిడితే బాగుండేది.
టైరు ఊడదీసి, లోపలి గోడల మీద
గుప్పెడు పచ్చి ఉన్ని మెల్లగా పాకించింది.
పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడొక ముల్లు.
పట్టకారుతో లాగి జామ్ డబ్బాలో వేసింది, టింగుమని.
ఇరవై మూడు టింగులు.
"ముల్లుని ముల్లుతోనే తీయాలంటారు" అన్నాను, నవ్వించాలని.
"దారిలో దేంతోనూ తీయకు" అంది.
"దిగిన ముల్లే ఆ చిల్లుకి బిరడా.
ఇంటికి తెచ్చి తియ్యి. తీసిన చోటుని కిందికి తిప్పి,
పాలు చేరేదాకా ఆగు.
ఆగడం వచ్చా నీకు, ఆష్‌విల్?"

ఇప్పుడు ఐదింటికే బొటనవేలు, చెవి, ఆ తరవాతే కాఫీ.
పసుపు పూలు కనబడితే దిగి
సైకిలుని భుజానికెత్తుకుంటాను.
పాలబండి కోబస్ కిటికీలోంచి అరుస్తాడు:
"నువ్వు దాన్ని తొక్కుతున్నావా, అది నిన్నా?"
అరవనీ.

పన్నెండో మర తిరుగుతోంది. తొట్టి అంచు తడిగా ఉంది.
తల వంచి తాగుతున్న గొర్రె మెడ కింద, ఉన్నిలో,
అవే కాయలు, పుట్టెడు,
ఒక బీడు నుంచి ఇంకో బీడుకి బాడుగ లేకుండా ప్రయాణం.
దానికి నొప్పి తెలియదు కాబోలు.

నా వెనక చక్రంలో ఇవాళ్టికి ఏడు.
లెక్కపెట్టాను.
తీయలేదు.