ఒకటి నుంచి పదిదాకా

నా పని నేల తుడుసుడు.
కువైట్‌ల, ఫర్వానియా ఆసుపత్రిల, రాత్రి పాళి.
మాపు కర్రకు అరచేతులు కాయలు కాసినయి,
ఫినాయిల్ వాసన నా అన్నంలకు గూడ వచ్చింది.
ఒకనాడు మూడో కౌంటరు కాడ
"తెలుగు వచ్చినోళ్లు ఎవరన్న ఉన్నరా" అని కేకేసిండ్రు.
బకెట్ పక్కకు జరిపి చెయ్యి లేపిన.
ఆ రాత్రి నుంచి నాకు రెండు కొలువులు,
జీతం ఒక్కటే.

డాక్టరు అడుగుతడు: ఒకటి నుంచి పదిదాకా, నొప్పి ఎంత?
మనోళ్లు అంకె చెప్పరు.
పరంజ మీంచి పడ్డ కొండ్ర లస్మన్న
"జిల్లుమంటుందే, బావిల బొక్కెన ఇడిసినట్టు" అన్నడు.
టైల్సు కోసే ఎల్లేశం
ఛాతిల ఎవరో ఉప్పుకాయితం పెట్టి రుద్దుతున్నరన్నడు,
ఆ మాట అనేటందుకు మూడుసార్లు ఆగిండు.
సలుపు, పోటు, తీపు, గుంజుడు, సురుకు, తిమ్మిరి,
మా దిక్కు నొప్పికి ఇంటిపేర్లుంటయి.
నేను వాటన్నిటిని మడిసి
అరబ్బీల ఒక్క మాటల కుక్కుత: అవార్.
కంప్యూటర్ల 'ఏడు' అని పడ్తది.
ఏడంటే ఒక పట్టీ పనడాల్.

శుక్రవారం తెల్లారగట్ల ఓబులమ్మ వచ్చింది.
రాయచోటి దిక్కు మనిషి, పదకొండేండ్ల సంది ఖద్దామా.
కుర్చీలు ఖాళీగనే ఉన్నా కింద కూలబడ్డది,
నేను అప్పుడే తుడిసిన తడి మీద.
కౌంటరు ముందుగాల అడిగింది: బతాకా ఏది?
బతాకా బాబా బీరువల ఉన్నది,
బీరువ తాళం మామా సంచిల ఉన్నది.
స్క్రీను మీద ఆమె పేరు పక్కన 'పారిపోయింది' అని ఉన్నది.
ఎక్కడికి పారిపోయింది?
నా మాపు కర్రకు మూరెడు దూరంల ఉన్నది.

"నొప్పి ఎంత చెల్లె, పదిల?"
"పదేందన్నా, వందేంది," అనింది,
"ఈడ కుంపటి పెట్టినట్టుండాది.
బొగ్గులు ఆరిపోయినాయి. ఇనుము ఆర్లేదు."

తర్జుమా చేసేటోడు సొంత మాట కలపొద్దంటరు.
ఆ రాత్రి కలిపిన.
వచ్చీరాని అరబ్బీల, గొంతు వణుకంగ చెప్పిన:
ఆ ఇంట్ల ముగ్గురు పిల్లల జరాన్ని
ఈమె అరచెయ్యే చూసింది.
అర్ధరాత్రి ఆ చెయ్యి నుదుటి మీద పడ్డప్పుడు
బతాకా ఏదని ఏ పిల్లగాడన్న అడిగిండా?

మా ఊరికాడ సర్కారు దవాఖానను
ధర్మాసుపత్రి అనేటోళ్లు ముసలోళ్లు.
ఎన్నిసార్లు తిరగేసినా అంతుపట్టని మాట అది, ధర్మం.
గిన్నె పట్టుకొని "ధర్మం చెయ్యిండ్రి" అంటరు.
కడుపు మండి "ఇది ధర్మమేనా" అని నిలదీస్తరు.
మాట ఒక్కటే.
ఒకసారి నడుం వంగుతది, ఒకసారి నిటారైతది.
ఇన్నేండ్లు నేను వంగినదాన్నే తర్జుమా చేసిన.
వంగుడు నాకు అలవాటే గద, నేల తుడిసేటోన్ని.

డాక్టరు, సిరియా మనిషి, పెన్ను ఆపిండు.
"ఆమె ఏమన్నదో ఆ మాటే చెప్పు, అంకె వద్దు."
చెప్పిన. కుంపటి అంటే ఏందో చేతులతోని చూపిన,
ఊదుడు గూడ ఊదిన. వెనక ఎవరో నవ్విండ్రు.
కౌంటరామె స్క్రీను వంక చూసింది, ఆయన వంక చూసింది,
ఏం తోచిందో, స్ట్రెచర్ పిలిసింది.

తర్వాత లోపల ఏమైందో నాకు చెప్పలేదు.
నేను చుట్టాన్ని కాదు.
బకెట్ ఇడిసిపెట్టి పోయిన్నని
సూపర్‌వైజర్ రెండు దినార్లు కోసిండు.
కానీ తలుపు మూసేముందు ఒకటి జరిగింది:
వాళ్ల భాషల పకారం లేదు, టకారం లేదు.
ఆయన వంగి, కాయితం మీద రాసుకున్నది కూడబలుక్కొని
"కుంబతి?" అని అడిగిండు.
ఓబులమ్మ కండ్లు తెరిసింది.
"ఆఁ," అనింది, "అదే."